గ్రేడిల్ ర్యాపర్‌లోని పనితనం

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "నా లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోందండీ." ఆ మాట అన్నవాళ్ళు అబద్ధం చెప్పరు. కోడు రాసి, తమ దగ్గర బిల్డు చేసి, టెస్టులన్నీ పచ్చగా వచ్చాకే పంపి ఉంటారు. అదే కోడు, అందరి కోడునీ తనంతట తానే బిల్డు చేసి పరీక్షించే సీఐ సర్వరు మీదికి వెళ్ళేసరికి ఎర్రగీత పడుతుంది. కోడులో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారిందల్లా ఆ కోడుని జార్ ఫైలుగానో, ఫోన్లో వేసుకునే ఏపీకేగానో తయారుచేసే పనిముట్టు. లాప్‌టాప్‌లో గ్రేడిల్ 6.9 ఉంది, సర్వరులో 7.4 ఉంది. డిపెండెన్సీలు రాసే 'కంపైల్' అనే పాత పద్ధతిని గ్రేడిల్ 7.0లో పూర్తిగా తీసేశారు. 6.9 దాన్ని చూసి ఒక హెచ్చరిక చేసి ముందుకు పోతుంది. 7.4 ఆ పేరుతో మెథడ్ ఏదీ లేదని అక్కడే ఆగిపోతుంది. ఊరికో మానిక ఉన్న రోజుల్లో గింజలు అవే అయినా లెక్క తేడా వచ్చేది కదా, ఇదీ అంతే.

దీనికి అందరూ మొదట చేసే వైద్యం రీడ్‌మీ ఫైల్లో "గ్రేడిల్ ఫలానా వెర్షన్ వేసుకోవాలి" అని రాసిపెట్టడం. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని చదువుతారన్న నమ్మకం లేదు. చదివి వేసుకున్నా, ఆర్నెల్లకి వెర్షన్ మారినప్పుడు మళ్ళీ చదవరు. ఒకే మనిషి రెండు ప్రాజెక్టులు చూస్తుంటే, ఒకదానికి ఒక వెర్షన్, ఇంకోదానికి ఇంకో వెర్షన్ కావాలంటే ఆ రీడ్‌మీ ఏం చేస్తుంది? సీఐ సర్వరుని చూసుకునేది తరచూ వేరే టీమ్. వాళ్ళు తమ వీలు చూసుకుని సర్వరులో పనిముట్లన్నీ ఒకేసారి కొత్తవి వేస్తారు. మనుషుల జ్ఞాపకం మీద నిలబెట్టిన ఏర్పాటు ఎంత జాగ్రత్తపరుల చేతిలోనైనా ఏదో ఒక రోజు జారిపోతుంది.

హాన్స్ డొక్టర్, ఆడమ్ మర్డాక్ మొదలుపెట్టిన గ్రేడిల్ ఈ సంగతి చాలా ముందే పట్టుకుంది. దాని 1.0 వెర్షన్ 2012లో వచ్చింది. అంతకన్నా ముందు, సున్నాతో మొదలయ్యే వెర్షన్లలోనే, ప్రాజెక్టుకి కావలసిన గ్రేడిల్‌ని తానే తెచ్చి నడిపే ర్యాపర్ ఉంది. వెర్షన్ తేడాల గొడవ ముదిరాక అతికించిన మాసిక కాదిది, పునాదుల్లోనే వేసిన రాయి. నేను ఇక్కడ ఆ ర్యాపర్ ఫైళ్ళు తెరిచి, లోపల ఏం చేశారో దగ్గరగా చూపించాలనుకుంటున్నాను. రోజూ వాడే లక్షలమందిలో వాటిని తెరిచి చదివినవాళ్ళు తక్కువ. చదవదగ్గ పని అది.

ప్రాజెక్టు ఫోల్డరులో ర్యాపర్‌కి సంబంధించినవి నాలుగే ఫైళ్ళు. లినక్స్, మ్యాక్ యంత్రాల కోసం 'గ్రేడిల్‌డబ్ల్యూ' అనే షెల్ స్క్రిప్టు, విండోస్ కోసం అదే పేరుతో ఒక బ్యాచ్ ఫైలు, లోపల 'గ్రేడిల్' ఫోల్డరులోని 'ర్యాపర్' ఫోల్డరులో ఒక చిన్న జార్, దాని పక్కన ఒక ప్రాపర్టీస్ ఫైలు. ఆ జార్ యాభై కిలోబైట్లకి అటూ ఇటూ ఉంటుంది. అసలు గ్రేడిల్ జిప్పు నూరు మెగాబైట్లు దాటుతుంది. అంత బరువుని ప్రతి ప్రాజెక్టులోనూ మోయించకుండా, దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకోవాలో తెలిసిన చిన్న ఫైలుని మాత్రం కోడుతోపాటు గిట్‌లో పెట్టమన్నారు. మొదటి మెచ్చుకోలు ఈ నిర్ణయానికే దక్కాలి.

ప్రాపర్టీస్ ఫైల్లో ఉండేది కొద్ది వరుసలే. వాటిలో ప్రాణం 'డిస్ట్రిబ్యూషన్ యూఆర్ఎల్' అనే వరుస. సర్వీసెస్ డాట్ గ్రేడిల్ డాట్ ఆర్గ్ సైటులో గ్రేడిల్-8.5-బిన్ అనే జిప్పు ఎక్కడుందో ఆ చిరునామా అందులో ఉంటుంది. 8.5 కావాలని అంకె ఒక్కటే రాసి ఊరుకోవచ్చు. అలా రాసి ఉంటే, ఎక్కడినుంచి తేవాలన్నది మళ్ళీ యంత్రానికో, మనిషికో వదిలేసినట్టయ్యేది. పూర్తి చిరునామా రాయడం వల్ల వెర్షనూ, అది దొరికే చోటూ ఒకే వరుసలో తేలిపోయాయి. బయటి ఇంటర్నెట్‌కి తలుపులు మూసుకున్న కంపెనీలు ఆ వరుసలో తమ లోపలి సర్వరు చిరునామా పెట్టుకుంటాయి. ఇంకేదీ మార్చక్కర్లేదు. ఆ సర్వరు యూజర్ పేరు, పాస్‌వర్డు అడిగితే వాటిని విడిగా అందించే దారి ఉంది. అవి ఎన్‌క్రిప్షన్ లేని దారిలో వెళ్తుంటే ర్యాపర్ హెచ్చరిస్తుంది. చిరునామాలోనే ఎవరైనా పాస్‌వర్డు ఇరికించినా, లాగ్‌లో "డౌన్‌లోడింగ్" అని అచ్చువేసేటప్పుడు ఆ ముక్కని తీసేసి అచ్చువేస్తుంది. సీఐ లాగులు ఎంతమంది కళ్ళబడతాయో తెలిసినవాళ్ళు రాసిన కోడు ఇది.

ఇప్పుడు యాభై కిలోబైట్ల జార్ లోపలికి వెళ్దాం. దాని పని వినడానికి చాలా తేలిక: జిప్పు ఉందో లేదో చూడు, లేకపోతే దించు, విప్పు, నడుపు. పదిహేను వరుసల్లో ఎవరైనా రాసేయవచ్చు. అలా రాసిన పదిహేను వరుసలు రోజులో తొంభైతొమ్మిది సార్లు పనిచేసి, నూరోసారి ఎవరికీ అర్థంకాని విధంగా చెడిపోతాయి. ఆ నూరోసారి కోసం ఇందులో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నారో చూడండి.

దించిన గ్రేడిల్ యూజర్ హోమ్ ఫోల్డరులోని '.గ్రేడిల్' కింద చేరుతుంది. ఒకసారి దించితే ఆ యంత్రంలో అదే వెర్షన్ అడిగిన ప్రాజెక్టులన్నీ దాన్నే పంచుకుంటాయి. వెర్షన్ పేరు మీద ఒక ఫోల్డరు, దాని లోపల ఏదో గజిబిజి అక్షరాల పేరుతో ఇంకో ఫోల్డరు కనిపిస్తాయి. ఆ గజిబిజి ఊరికే వచ్చింది కాదు. చిరునామా మొత్తాన్ని ఎండీ5 పద్ధతిలో కుదించి, వచ్చిన సంఖ్యని 36 ఆధారంగా, అంటే అంకెలూ చిన్న అక్షరాలూ కలిపి రాసిన రూపం అది. కంపెనీ సర్వరు నుంచి వచ్చిన 8.5, అసలు సైటు నుంచి వచ్చిన 8.5 పేరుకి ఒకటే అయినా చిరునామాలు వేరు, కాబట్టి ఫోల్డర్లూ వేరు. ఎవరైనా తమ అవసరానికి మార్చి తయారుచేసుకున్న గ్రేడిల్ ఉంటే, అది అసలు దానితో ఎన్నటికీ కలవదు. 36 ఆధారం ఎందుకంటే, పేరు పొట్టిగా ఉంటుంది, ఏ ఫైల్ సిస్టమ్‌కీ అభ్యంతరం ఉన్న గుర్తు అందులో రాదు.

దించడం మొదలుపెట్టేముందు ర్యాపర్ ఒక తాళం ఫైలు పెడుతుంది. సీఐ యంత్రం మీద ఒకే యూజర్ కింద రెండు బిల్డులు ఒకే క్షణాన మొదలుకావడం మామూలే. తాళం లేకపోతే రెండూ ఒకే ఫైల్లో రాస్తూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. తాళం దొరకనిది 120 సెకన్లదాకా ఎదురుచూస్తుంది, అప్పటికీ దొరకకపోతే ఏ ఫైలు కోసం ఆగిందో చెప్పి తప్పుకుంటుంది. ఇక దించేటప్పుడు నేరుగా జిప్పు పేరుతో రాయదు. చివర '.పార్ట్' అని తగిలించిన పేరుతో రాసి, మొత్తం వచ్చాకే అసలు పేరుకి మారుస్తుంది. సగంలో వైఫై పోయినా, కరెంటు పోయినా, అరకొర ఫైలు పూర్తి జిప్పులాగా కనిపించే ప్రమాదం లేదు. విప్పేముందు అక్కడ పాత ఫోల్డరు ఏదైనా మిగిలి ఉంటే తుడిచేస్తుంది. విప్పాక లోపల సరిగ్గా ఒకే ఒక్క పై ఫోల్డరు ఉందా అని చూస్తుంది. నడిపే ఫైలుకి అనుమతులు సరిచేస్తుంది. ఇవన్నీ అయ్యాక, అన్నిటికన్నా చివర, '.ఓకే' అనే ఖాళీ ఫైలు ఒకటి పుట్టిస్తుంది.

ఆ ఖాళీ ఫైలంటే నాకు చాలా గౌరవం. అందులో ఒక్క బైటు కూడా ఉండదు. కాని తర్వాతిసారి ర్యాపర్ నడిచినప్పుడు, ఫోల్డరు ఉందా అని మాత్రమే చూసి సరిపెట్టుకోదు, ఓకే ఉందా అని అడుగుతుంది. ఫోల్డరు ఉండి ఓకే లేకపోతే, పోయినసారి పని మధ్యలో ఆగిందని అర్థం. అప్పుడు మళ్ళీ మొదలుపెడుతుంది. మధ్యలో ఏ మెట్టు మీద పడిపోయినా, తర్వాతిసారి తనంతట తానే లేచి నిలబడే వరస ఇది. ఎవరూ వెళ్ళి ఫోల్డర్లు చేత్తో తుడవక్కర్లేకుండా రాశారు. సీఐ సర్వరు దగ్గర మనిషి కూర్చుని ఉండడన్న స్పృహ ఉన్నచోటే ఇలాంటి కోడు పుడుతుంది.

అన్నీ సిద్ధమయ్యాక పని అప్పగించే తీరు ఇంకా బాగుంటుంది. ర్యాపర్‌కి గ్రేడిల్ లోపలి సంగతులు ఏమీ తెలియవు. విప్పిన ఫోల్డరులో 'లిబ్' అనే చోట లాంచర్ జార్ ఉంటుందనీ, దాన్ని పట్టుకుని 'మెయిన్' అనే మెథడ్‌ని పిలవాలనీ మాత్రమే తెలుసు. ఇద్దరిమధ్య ఒప్పందం ఇంతే. ఒప్పందం ఇంత చిన్నది కాబట్టే పాత ర్యాపర్ జార్ తనకన్నా ఎంతో తర్వాత వచ్చిన గ్రేడిల్‌ని కూడా ఇబ్బంది లేకుండా నడిపిస్తుంది. ఆ జార్‌ని చాలా పాత జావా మీద కూడా నడిచేలాగే కంపైల్ చేస్తారు. యంత్రంలో ఏ జావా ఉన్నా కనీసం సరైన మాట చెప్పేదాకా అది బతికుండాలి గదా.

షెల్ స్క్రిప్టు గురించి రెండు మాటలు. పైన పెట్టిన వ్యాఖ్యల్లోనే రాసినవాళ్ళ మనసు తెలుస్తుంది: పోసిక్స్ ప్రమాణానికి లోబడిన ఏ షెల్ అయినా చాలు, బ్యాష్‌లో మాత్రమే ఉండే సౌకర్యాలు వాడం, యారేల జోలికి పోము అని ముందే చెప్పుకున్నారు. సీఐలో వాడే చిన్న కంటెయినర్ ఇమేజిల్లో చాలావాటిలో బ్యాష్ ఉండదు. అందుకే ఈ నియమం. తనని ఎవరైనా సిమ్‌లింకు ద్వారా పిలిస్తే అసలు ఫోల్డరు ఏదో కనుక్కోవాలి. అందుకు లింకులు విప్పే ప్రత్యేక కమాండు మీద ఆధారపడకుండా, అన్నిచోట్లా ఉండే 'ఎల్ఎస్' ఇచ్చిన జవాబులోంచి బాణం గుర్తు తర్వాతి ముక్కని కోసి తీసుకుంటుంది. లింకుకి ఇంకో లింకు ఉంటే చివరిదాకా వెంబడిస్తుంది. యూజర్ ఇచ్చిన ఆర్గ్యుమెంట్లలో ఖాళీలున్నా, కొటేషన్లున్నా చెదరకుండా జావాకి చేరవేస్తుంది. వాటన్నిటినీ ఒక పొడవాటి స్ట్రింగులో కుక్కే పాత అలవాటు తప్పులకీ భద్రతా లోపాలకీ మూలమని వ్యాఖ్యల్లోనే కారణం చెప్పి మరీ దాన్ని వదిలేశారు. జావాని తాను పిలిచేటప్పుడు అడిగే మెమరీ 64 మెగాబైట్లు. తన పని చిన్నదని తెలిసి, ఆ పనికి సరిపడినంతే తీసుకుంటుంది.

ఇంత జాగ్రత్తగా చేసిన పని కూడా ప్రాజెక్టులోకి వచ్చాక మన చేతుల్లో చెడిపోయే చోట్లున్నాయి. అన్నిటికన్నా తరచుగా జరిగేది, సీఐలో తగిలే 'పర్మిషన్ డినైడ్'. విండోస్ యంత్రం మీద ప్రాజెక్టు పుట్టిస్తే గ్రేడిల్‌డబ్ల్యూ ఫైలుకి నడిపే అనుమతి గిట్‌లో పడదు. గిట్ దాన్ని 100644 అని రాసుకుంటుంది, కావలసింది 100755. కొందరు సీఐ స్క్రిప్టులో ప్రతిసారీ ఛ్‌మోడ్ కొట్టి గట్టెక్కుతారు. గిట్ అప్‌డేట్-ఇండెక్స్ కమాండుకి ఛ్‌మోడ్ ప్లస్ ఎక్స్ ఇచ్చి ఒక్కసారి కమిట్ చేస్తే ఇక ఎవరికీ ఆ బాధ ఉండదు. రెండోది, గిట్‌ఇగ్నోర్‌లో జార్ ఫైళ్ళన్నీ వద్దని రాసిన వరుస ర్యాపర్ జార్‌ని కూడా మింగేయడం. లాప్‌టాప్‌లో ఫైలు ఉంటుంది కాబట్టి అక్కడ నడుస్తుంది. సర్వరు మీద మాత్రం 'గ్రేడిల్ ర్యాపర్ మెయిన్' అనే క్లాసు దొరకలేదని వస్తుంది. ఆ ఒక్క ఫైలుకి మినహాయింపు రాయాలి. మూడోది వరుస చివరి గుర్తుల తేడా. షెల్ స్క్రిప్టు ఎల్ఎఫ్‌తోనే ఉండాలి, బ్యాచ్ ఫైలు సీఆర్ఎల్ఎఫ్‌తో ఉండాలి. గ్రేడిల్ ఇనిట్‌తో పుట్టించిన ప్రాజెక్టుకి ఈ నియమం రాసిన గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు ముందే వస్తుంది. ఆ ఫైలుని చూసి ఇదేమిటో అని తీసేయకండి.

ర్యాపర్ తన పరిధిలో పెట్టుకోనిది ఒకటుంది, జావా. తాను నడవడానికే జావా కావాలి కాబట్టి దాన్ని తాను తేలేదు. అసలు చిక్కంతా తరచూ ఇక్కడే వస్తుంది. ఒక నిజమైన సందర్భం చెబుతాను. గిట్‌హబ్ యాక్షన్స్‌లో 'ఉబుంటు-లేటెస్ట్' అనే పేరు 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల మధ్య ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారింది. దాంతో ఆ ఇమేజిలో అడగకుండానే దొరికే జావా 11 నుంచి 17 అయింది. గ్రేడిల్ జావా 17 మీద నడవడం 7.3 వెర్షన్‌తో మొదలైంది. ర్యాపర్‌లో అంతకన్నా పాత వెర్షన్ పెట్టుకుని, జావా ఏదో చెప్పకుండా వదిలేసిన ప్రాజెక్టుకి ఒక ఉదయాన్నే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61' అనే సందేశం ఎదురవుతుంది. ఆ 61 చూసి కంగారు పడక్కర్లేదు. అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది: 61 అంటే 17, 65 అంటే 21, 55 అంటే 11. జావా 21 మీద నడవాలంటే గ్రేడిల్ 8.5 కావాలి. గ్రేడిల్‌ని నడిపే జావా ఒకటి, మన కోడుని కంపైల్ చేసే జావా ఒకటి. ఈ రెండూ ఒకటే కానక్కర్లేదన్న ఆలోచనని గ్రేడిల్ 6.7లో 'టూల్‌చెయిన్స్' పేరుతో తెచ్చారు. బిల్డు ఫైల్లో ఫలానా జావా కావాలని రాస్తే, యంత్రంలో వెతికి దానితోనే కంపైల్ చేస్తుంది. ర్యాపర్ మొదలుపెట్టిన ఆలోచనే ఇది, ఇంకో మెట్టు ఎక్కింది.

ఆండ్రాయిడ్ రాసేవాళ్ళకి మూడో తాడు కూడా ఉంది. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 వేసుకుంటే గ్రేడిల్ 8.0, జావా 17 రెండూ తప్పనిసరి. ఒకటి ఎక్కించి ఇంకోటి వదిలేస్తే బిల్డు నిలబడదు. ఇక్కడే ర్యాపర్ గొప్పదనం ఇంకోటి బయటపడుతుంది. వెర్షన్ వరుస గిట్‌లో ఉంది కాబట్టి, ప్లగిన్ మార్పు, గ్రేడిల్ మార్పు, వాటికోసం కోడులో చేసిన సర్దుబాట్లు అన్నీ ఒకే కమిట్‌లో ఇమిడిపోతాయి. ఆ కమిట్ వచ్చిన బ్రాంచిలో కొత్త గ్రేడిల్ నడుస్తుంది, పక్క బ్రాంచిలో పాతదే నడుస్తుంది, సీఐ సర్వరుని ఎవరూ ముట్టుకోక్కర్లేదు. రెండేళ్ళ కిందటి రిలీజుకి ఒక అత్యవసర సవరణ చేయాల్సి వచ్చి ఆ పాత ట్యాగుకి వెనక్కి వెళ్తే, ఆనాటి గ్రేడిల్ కూడా దానితోపాటే వెనక్కి వస్తుంది. లాప్‌టాప్‌కీ సర్వరుకీ మధ్య తేడాని సరిచేయడానికి పుట్టిన పనిముట్టు, నిన్నటికీ నేటికీ మధ్య తేడాని కూడా సరిచేసింది. నా దృష్టిలో ర్యాపర్ చేసిన పెద్ద మేలు ఇదే. దాని గురించి చెప్పుకునేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు.

వెర్షన్ పెంచే పద్ధతిలో ఒక చిన్న మెలిక ఉంది. 'ర్యాపర్' టాస్క్‌ని కొత్త వెర్షన్ అంకెతో నడిపితే, మొదటిసారి ఆ పని చేసేది పాత గ్రేడిల్. ప్రాపర్టీస్ వరుస మారుతుంది కాని, స్క్రిప్టులూ జార్ పాత గ్రేడిల్ పుట్టించినవే ఉంటాయి. అదే కమాండుని రెండోసారి నడిపితే ఈసారి కొత్త గ్రేడిల్ తన ఫైళ్ళని తాను రాసుకుంటుంది. రెండోసారి నడపకపోయినా బిల్డు నడుస్తుంది. ఇందాక చెప్పిన ఒప్పందం చలవ అది.

భద్రత సంగతికి వస్తే, ర్యాపర్ జార్ కోడు సమీక్షలో కంటికి కనపడని ఫైలు. ఎవరైనా పుల్ రిక్వెస్టులో దాన్ని మార్చి పంపితే, బైనరీ ఫైలు మారిందన్న ఒక్క వరుస తప్ప సమీక్షకుడికి ఇంకేం కనిపించదు. ఆ జార్ ప్రతి డెవలపర్ యంత్రంలోనూ, సీఐలోనూ నడుస్తుంది. దుర్బుద్ధి ఉన్నవాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. గ్రేడిల్ వాళ్ళు తాము విడుదల చేసిన ప్రతి ర్యాపర్ జార్ చెక్‌సమ్‌నీ బహిరంగంగా పెట్టి, రిపాజిటరీలో ఉన్నదాన్ని వాటితో పోల్చిచూసే తనిఖీని గిట్‌హబ్ యాక్షన్స్ కోసం తయారుచేశారు. ఆ తనిఖీ పేరు ఒక్కటే చూసి వదలదు. రోమన్ లిపిలోని ఒక అక్షరం బదులు చూడ్డానికి అచ్చం అలాగే ఉండే సిరిలిక్ అక్షరం పెట్టి దొంగ జార్‌ని పక్కన చేర్చినా పట్టుకుంటుంది. దించే జిప్పుకి కూడా ఇలాంటి కాపలా ఉంది. ప్రాపర్టీస్ ఫైల్లో ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ రాసిపెడితే, దిగిన జిప్పు దానితో సరిపోలనప్పుడు ర్యాపర్ ఆ జిప్పుని తుడిచేసి, ఉండాల్సిన సంఖ్య, వచ్చిన సంఖ్య రెండూ చూపించి ఆగిపోతుంది.

ఈ పద్ధతి గ్రేడిల్‌తో ఆగలేదు. మేవెన్‌కి ఇదే నమూనాలో ర్యాపర్ వచ్చి, ఇప్పుడు అపాచీ మేవెన్ ప్రాజెక్టులోనే భాగమైంది. బేజెల్‌కి బేజెలిస్క్ ఉంది. రస్ట్ వాళ్ళు టూల్‌చెయిన్ ఫైలుని ప్రాజెక్టులో పెట్టుకుంటారు. గో భాష 1.21 నుంచి, అంటే 2023 నుంచి, గో.మోడ్ ఫైల్లోనే టూల్‌చెయిన్ వెర్షన్ రాసుకునే వీలు కల్పించింది. అన్నిటా ఒకటే మాట: ఏ పనిముట్టు కావాలో ప్రాజెక్టే చెప్పాలి.

ఈ వ్యాసం చదివాక మీ ప్రాజెక్టు సీఐ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. అందులో 'గ్రేడిల్ బిల్డ్' అని ఉంటే, ర్యాపర్ పక్కనే ఉన్నా మీరు దాన్ని వాడట్లేదు, సర్వరులో ఉన్న గ్రేడిల్‌ని వాడుతున్నారు. దాన్ని 'గ్రేడిల్‌డబ్ల్యూ బిల్డ్' అని మార్చండి. జావా వెర్షన్ ఏదో ఆ ఫైల్లో స్పష్టంగా రాయండి, ఇమేజిలో వచ్చేదాన్ని నమ్ముకోకండి. ప్రాపర్టీస్ ఫైల్లో చెక్‌సమ్ వరుస లేకపోతే గ్రేడిల్ సైటులో ఆ వెర్షన్‌కి ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 తెచ్చి చేర్చండి, ఇకమీదట వెర్షన్ పెంచినప్పుడల్లా రెండు వరుసలనీ కలిపే మార్చండి.